ముక్కు మీద నిలవని రంగు

గురువారం పొద్దున హేమావతి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదికి తలస్నానం, తొమ్మిదికి మొహానికి ఫౌండేషన్, పదికి చంద్రమోహన్ పట్టుచీరల షాపు, పదకొండుకు ఫోనులో లైవ్. ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి అన్నం తిని, రెండుకు కాలేజీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు పోవాలి. వీటన్నిటిలోకీ కష్టమైనది ప్రాక్టికల్సేనని ఆమె అనుకుంది.

ధర్మవరంలో వాళ్లది చేనేత ఇల్లు. నాయన జయరాముడు పట్టునూలుకు రంగులద్దుతాడు, అమ్మ రామాంజినమ్మ మగ్గం నేస్తుంది. నూలు ఇచ్చేదీ, నేసిన చీర తీసుకునేదీ చంద్రమోహనే. ఆ ఏడు వాన మొహం చాటేసింది. చుట్టుపక్కల పల్లెల్లో శెనక్కాయ పంట పోయింది. పంట పోయిన ఇళ్లలో పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. పెళ్లిళ్లు లేక చీరలు షాపు అల్మారాల్లోనే ఉండిపోయాయి. రెండు నెలలుగా నూలు రాలేదు. మగ్గం మీద రామాంజినమ్మ తడిబట్టలు ఆరేస్తోంది.

చంద్రమోహన్ కోడలు ప్రతి గురువారం లైవ్ పెట్టి చీరలు చూపించేది. పదీ పదిహేను మంది చూసేవాళ్లు, మంచి రంగులని మెచ్చుకునేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. ఆ అమ్మాయి కాన్పుకు పుట్టింటికి పోయింది. అందుకని ఈ వారం చీర కట్టుకుని నిలబడటానికి హేమావతిని పంపమని ఆయన కబురు చేశాడు. ఈసారి కూడా ఏమీ అమ్ముడుపోకపోతే ఉగాది దాకా నూలు మాట ఎత్తొద్దని ఆ కబురులోనే చేర్చాడు.

ఇంట్లో ఎవరూ హేమావతి మీద బరువు పెట్టలేదు. అయినా ఆమె మోసింది. పదిహేడేళ్ల వయసులో ఆమెకున్న శత్రువు ఒక్కటే, అది తన మొహం. నుదురు, ముక్కు, గడ్డం మధ్యాహ్నానికి నూనె కారతాయి. బుగ్గలు మాత్రం పొడిబారి పొట్టు లేస్తాయి. నుదుటి మీద నాలుగు మొటిమలు, ముక్కు పక్కన ఐదోది పుట్టే ప్రయత్నంలో ఉంది. ఈ మొహాన్ని ఊరంతా చూస్తుంది, కాలేజీ అంతా చూస్తుంది, చూసి చీర కొనకుండా వెళ్లిపోతుంది. తరవాత ఆరు నెలలు మగ్గం ఆడదు. దానికి కారణం ఐదు మొటిమలు. ఆమెకు లెక్క అంత స్పష్టంగా కనిపించింది.

ఫోనులో వీడియోలు చూసింది. నూనె చర్మానికి ఆరిపోయే రకం వాడాలని ఒకామె చెప్పింది. పొడి చర్మానికి అది విషమని ఇంకొకామె చెప్పింది. రెండూ ఒకే మొహం మీద ఉన్నవాళ్లు ఏం చేయాలో చెప్పబోతుండగా డేటా అయిపోయింది. బుధవారం సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ కుళ్లాయప్ప ఫ్యాన్సీ స్టోరుకు వెళ్లింది. గాజులు, రిబ్బన్ల గురించి కుళ్లాయప్పకు తెలియనిది లేదు. ఫౌండేషన్ గురించి తెలిసింది ఒక్కటే, అన్నిటికన్నా తెల్లది ఎక్కువ పోతుందని. ట్యూబులైటు కింద ఆమె ముంజేతి వెనక చుక్క పెట్టి రుద్దాడు. “అందరూ ఇదే తీసుకుంటాండారు పాపా. తెల్లగుంటే మంచిదే కదా,” అన్నాడు. అక్కడున్నవాటిలో చవకది కూడా అదే కావడంతో హేమావతికి వేరే ఆలోచన రాలేదు.

గురువారం తొమ్మిదికి అద్దం ముందు కూర్చుని, మొటిమలు పూర్తిగా కప్పబడేదాకా పూసుకుంది. పది నిమిషాల్లో బుగ్గల మీద అది ఆరి నెర్రెలిచ్చింది. ముక్కు మీద ఆరనే లేదు, తేలుతూ ఉంది. మెడ ఒక మనిషిది, మొహం ఇంకో మనిషిది అయ్యాయి. మొటిమలు మాత్రం తెల్లబట్ట కప్పుకున్నట్టు ఇంకాస్త ఎత్తుగా కనిపించాయి.

వంటింట్లోంచి వచ్చిన రామాంజినమ్మ కూతురి మొహంలోకి వంగి చూసింది.

“మొహానికి సున్నం యాంటికి కొట్టుకున్నావే?” అని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అందుకే హేమావతికి ఎక్కువ బాధేసింది.

తియ్యడానికి శెనక్కాయ నూనెకు మించింది లేదని రామాంజినమ్మ నమ్మకం. చారెడు నూనె పట్టించి పాత చీరముక్కతో తుడిచింది. సగం రంగు పోయింది, నూనె అంతా మిగిలింది. నూనె పోవడానికి హేమావతి మూడుసార్లు సబ్బు రుద్దింది. దాంతో బుగ్గలు గరుకు కాగితంలా అయ్యాయి, ముక్కు ఎర్రబడింది, ఐదో మొటిమ పుట్టనే పుట్టింది. గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. ట్యూబులో మిగిలింది మళ్లీ పూసుకోవడం తప్ప దారి లేదని ఆమె ఏడుపు గొంతుతో అంది.

ఈ మాటలు విని జయరాముడు అద్దకం షెడ్డులోంచి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా ఎవరు ఏ గుడ్డపీలిక తెచ్చి చూపినా ఆ రంగును నూలుకు దించినవాడు. కూతురి చెంప మీద మిగిలిన మరకను, ఆమె మెడను మార్చి మార్చి చూశాడు. రంగు తేడా ఆయనకు నొప్పిలా తగిలింది.

“తెలుపు ఎక్కువైంది. ఎరుపు లేదు, పసుపు లేదు. బూడిద తిరిగింది,” అన్నాడు. “యాడ ఉండాదా ట్యూబు? ఇట్లా తే.”

అద్దకం రంగులు మొహానికి పనికిరావని ఆయనకు తెలుసు. వంటింట్లోంచి కాఫీ డికాక్షను, చిటికెడు పసుపు తెప్పించుకున్నాడు. అరచేతిలోకి ఫౌండేషన్ పిండి, పసుపు చల్లి, డికాక్షను చుక్క చుక్కగా వేస్తూ వేలితో కలిపాడు. వెలుతురు వైపు తిప్పి చూశాడు, ఇంకో చుక్క వేశాడు. రెండు నెలల తరవాత ఆయన కలుపుతున్న మొదటి రంగు అది. ఆ సంగతి తల్లీ కూతుళ్లకు ఇద్దరికీ తట్టింది కాబట్టే వద్దనే ధైర్యం ఎవరికీ రాలేదు. షెడ్డు నీడలో పూసి చూస్తే మెడకూ మొహానికీ తేడా లేదు. జయరాముడు చాలా రోజుల తరవాత తృప్తిగా తల ఊపాడు. హేమావతి ఆటో ఎక్కింది.

ఆటోలో దుమ్ము. షాపు పైగదిలో కిటికీలు మూసి ఉన్నాయి. రామాంజినమ్మ చివరగా నేసిన చిలకపచ్చ చీర హేమావతి కట్టుకున్నాక, ఆమెను రింగులైటు ముందు నిలబెట్టి, చంద్రమోహన్ ఫ్యాను ఆపేశాడు. ఫ్యాను చప్పుడుకు మాట వినపడటం లేదని గతవారం ఎవరో రాశారట. ఆయన యాభై దాటిన మనిషి, ఫోనంటే భయం. దాన్ని స్టాండుకు తగిలించి, పక్కన నిలబడి, కొంగు అంచు చూపించమనీ జరీ చూపించమనీ సైగలు చేయడం మొదలుపెట్టాడు. చూసేవాళ్లు పదకొండు మంది. అందులో ముగ్గురు హేమావతి క్లాసువాళ్లే.

ఐదు నిమిషాలు బాగానే గడిచింది. తరవాత నుదుటి మీద చెమట పట్టింది. నుదుటి రంగు కనుబొమల దాకా దిగి, అక్కడ కాసేపు ఆగి, కళ్లలోకి దిగింది. కళ్లు మండి నీళ్లు తిరిగాయి. రెప్పలార్పుతూ ఎదురుగా ఫోను తెర చూసింది. తెరలో తన మొహమే ఉంది. లైటు కింద పసుపంతా ముక్కు దగ్గర చేరి మెరుస్తోంది. బుగ్గలు తెల్లగా పొరలు లేచి ఉన్నాయి. కాఫీ రంగు చారలు రెండు గడ్డం వైపు నడుస్తున్నాయి. కింద క్లాసువాళ్ల పేర్లు కనిపిస్తున్నాయి. అంతవరకూ మంటకు కారుతున్న కన్నీళ్లు, ఆ క్షణం నుంచి నిజంగానే కారాయి. దాచుకుందామని కొంగుతో మొహం తుడుచుకుంది. చిలకపచ్చ మీద పసుపూ తెలుపూ కలిసిన అరచేతి వెడల్పు మరక పడింది. అది చూశాక ఇక ఆపుకోలేక వెక్కివెక్కి ఏడ్చింది.

చంద్రమోహన్ ఫోను దగ్గరికి పరుగెత్తాడు. ఫోనెలా ఆపాలో ఆయనకు తెలియదు. ఏమైందమ్మా అని అడిగితే ఆమె “నా మొహం...” అని మాత్రం అనగలిగింది. పాప ఎందుకు ఏడుస్తోందని తెర మీద ప్రశ్నలు వస్తున్నాయి. ఆయన మనసులో రెండు నెలలుగా ఒక్కటే గుచ్చుకుంటోంది, ఇప్పుడు అదే బయటికొచ్చింది.

“వీళ్లింట్లో రెండు నెలలుగా మగ్గం ఆడలేదప్పా,” అన్నాడు ఫోనుతో. “నూలు లేదు. నేనే ఇయ్యలేదు.”

పదకొండు మంది నలభై అయ్యారు. నలభై మూడు వందలయ్యారు. ఎవరో దాన్ని ఇంకెవరికో పంపారు, వాళ్లు ఇంకెవరికో పంపారు. తిండి లేక పిల్ల బుగ్గలు ఎలా పాలిపోయాయో చూడమని ఒకరు రాశారు. తిండి లేకపోవడం కాదు, ముక్కు చూస్తే కామెర్లని తెలుస్తోందని ఇంకొకరు రాశారు. పాపం మొహం చూపించడానికే సిగ్గుపడుతోందని మరొకరు రాశారు. అది మాత్రం నిజం. “అది కాదు, నేను పూసుకున్నది...” అని హేమావతి రెండుసార్లు చెప్పబోయింది. రెండుసార్లూ ఏడుపు అడ్డమొచ్చింది. కింద చీరలు అడిగే నంబర్లు వరసగా పడుతున్నాయి.

పన్నెండున్నరకు షాపులో అల్మారాలు మూడు ఖాళీ అయ్యాయి. ఏడాదిగా ఎవరూ ముట్టని బెల్లం రంగు చీరలు కూడా పోయాయి. మరక పడిన చిలకపచ్చ చీర తనకే కావాలని, ఉతకకుండా పంపమని, అందులో ఆ బిడ్డ కన్నీళ్లున్నాయని బళ్లారి నుంచి ఒకామె అడిగి తీసుకుంది. అందులో ఎక్కువ ఉన్నది కాఫీ డికాక్షనని ఆమెకు చెప్పేవాళ్లు లేరు.

హేమావతి ప్రాక్టికల్స్‌కు పోలేదు. ఇంటికొచ్చి చాప పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంట్లోవాళ్లకు లైవ్ సంగతి ఇంకా తెలియదు. సాయంత్రం కదిరి నుంచి రామాంజినమ్మ తమ్ముడు హనుమంతరాయుడు దిగాడు. భుజం మీద రాగుల మూట, చేతిలో కామెర్లకు ఆకుపసరు సీసా, మొహంలో కోపం.

“తిండికి లేదని ఫోన్లో జగమంతా చెప్పినారు, నాకు చెప్పలేకపోయినారా బావా?” అన్నాడు మూట దించుతూ.

జయరాముడికి ఏమీ అర్థం కాలేదు. హనుమంతరాయుడు తన ఫోనులో వీడియో చూపించాడు. జయరాముడు మొత్తం చూశాడు. తను కలిపిన రంగు కూతురి మొహం మీంచి చారలు చారలుగా దిగిపోవడం చూశాడు. చంద్రమోహన్ మాట విన్నాడు. ఎవరి దగ్గరా చెయ్యి చాపని మనిషి, మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. రామాంజినమ్మ ఆ రాగుల మూటను తీసుకోలేక, తమ్ముణ్ని వెనక్కి పంపలేక, గడపలో నిలబడింది. హేమావతి లేచొచ్చి అవి కామెర్లు కావనీ వంటింటి పసుపేననీ చెప్పింది. పిల్ల ఇంటి పరువు కాపాడటానికి అబద్ధమాడుతోందని హనుమంతరాయుడి కళ్లు చెమ్మగిల్లాయి. గ్లాసు నిండా పసరు పోసి దగ్గరుండి తాగించాడు. మూడు రోజులు ఉప్పు మాన్పించమని అక్కకు చెప్పి, ఆఖరి బస్సుకు వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక హేమావతి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది. మగ్గం కోసం ఏడవలేదనీ, మొహం కోసం ఏడ్చాననీ చెప్పేటప్పుడు తల ఎత్తలేకపోయింది.

“రెండు నెలలు మగ్గం నిలబడిపోతే మనమెవురమూ ఏడ్వలేదు, ఎవురూ చూడలేదు,” అన్నాడు జయరాముడు. “నువ్వు ముక్కు కోసరం ఏడిస్తే అంగడి ఖాళీ అయింది.”

“ఆ ఏడుపేందో మనం ముందే ఏడ్చింటే సరిపోయుండు,” అంది రామాంజినమ్మ. కోపంతో అందో, నిజంగానే అందో ఇద్దరికీ తెలియలేదు.

శుక్రవారం కాలేజీలో హేమావతి కోసం ముగ్గురు మూడు క్యారియర్లు తెచ్చారు. తమ్ముడి మాట తీసెయ్యలేక అమ్మ పెట్టిన ఉప్పు లేని కూడు తిని వచ్చిన ఆమెకు ఆ పచ్చళ్ల వాసనకు నోరూరింది. అయినా తింటే పేదరికం ఒప్పుకున్నట్టవుతుంది, తినకపోతే కామెర్లు ఒప్పుకున్నట్టవుతుంది. ఆకలి లేదని చెప్పింది. ఆకలి కూడా చచ్చిపోయిందట పాపం అని వెనక బెంచీలో అనుకోవడం వినపడింది. కెమిస్ట్రీ మేడం ప్రాక్టికల్స్‌కు రాలేదని కసరకపోగా, భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కన్నా తిట్లే నయమనిపించింది హేమావతికి.

శనివారం చంద్రమోహన్ మూడు వార్పులకు, అంటే మగ్గానికి మూడుసార్లు పడుగు ఎక్కించడానికి సరిపడా నూలు ఇచ్చాడు. మగ్గం మీంచి బట్టలు దిగాయి. షెడ్డులో పొయ్యి వెలిగింది. వచ్చే గురువారం లైవ్‌కు కూడా పాపే రావాలని, ఆమె కోసం జనం అడుగుతున్నారని ఆయన చెప్పి పంపాడు. జయరాముడు పోవద్దన్నాడు. హేమావతి పోతానంది. కారణం డబ్బు కాదు, నూలు కాదు. తనకు రోగం లేదని, తన మొహం మామూలు మొహమేనని, చూసిన ప్రతివాళ్లూ మళ్లీ చూడాలి. అది జరగకపోతే ఈ ఊళ్లో బతకడం కుదరదని ఆమె తేల్చుకుంది.

మంగళవారం బస్టాండు వెనక బ్యూటీ పార్లరుకు వెళ్లింది. దాన్ని నడిపే గంగరత్న వీడియో చూసినవాళ్లలో ఒకతె. కానీ చూడగానే ఏడుపును కాకుండా రంగును గమనించింది ఆమె ఒక్కతే. ఒక మొహానికి ఒక పద్ధతి అనుకోవడమే తప్పని చెప్పింది. బుగ్గలకు ముందు తేమ పట్టించే క్రీము రాసి, అది ఇంకేదాకా ఆగాలి. ముక్కుకూ నుదుటికీ ఆ క్రీము అక్కర్లేదు. ఫౌండేషన్ పిసరంత తీసుకుని, తడిపి పిండిన స్పాంజితో అద్దాలి గానీ రుద్దకూడదు. ముక్కు మీద అంతకన్నా తక్కువ, పైన కాస్త పౌడరు. మొటిమ కనపడితే కనపడనీ, దాన్ని పూడ్చిపెట్టాలని చూస్తే గుట్ట అవుతుంది. రంగు చూసుకోవాల్సింది చేతి మీద కాదు, దవడ మీద. ట్యూబులైటు కింద కాదు, వీధిలో. పూశాక పది నిమిషాలు ఆగి, నల్లబడుతుందేమో చూసుకుని అప్పుడు కొనాలి.

రంగు కొనాలనేసరికి ఆ రోజే జయరాముడు కూడా కొట్టుకు వెంట వెళ్లాడు. కుళ్లాయప్ప దగ్గర ఖరీదు తక్కువవే ఐదు రకాలు తీయించి, కూతుర్ని వీధిలో ఎండలో నిలబెట్టి, దవడ మీద ఐదు గీతలు గీశాడు. పది నిమిషాలు రెప్ప వేయకుండా చూశాడు. పోయేవాళ్లు వచ్చేవాళ్లు ఆగి చూశారు. నాలుగు గీతలు తేడా చూపించాయి, ఒకటి చర్మంలో కలిసిపోయింది.

“కనపడకుండా పోయినదే నీ రంగు,” అన్నాడు. కుళ్లాయప్ప అది కొట్లో ఎవరూ అడగని రకమని, మూడేళ్లుగా అడుగున పడి ఉందని చెప్పబోయి, జయరాముడి చూపుకు ఊరుకున్నాడు. గడువు తేదీ చూస్తే దాటిపోయింది. అదే రంగు కొత్త ట్యూబును గంగరత్న బుధవారానికి అనంతపురం నుంచి తెప్పించి ఇచ్చింది.

గురువారం పొద్దున హేమావతి తొందరపడలేదు. క్రీము ఇంకేదాకా కూర్చుంది. అద్దింది, రుద్దలేదు. పదిన్నరకు షాపు మెట్లెక్కుతుంటే, గుమ్మంలో నిలబడి ఉన్న చంద్రమోహన్ ఆమెను చూసి కంగారుపడ్డాడు. ఆరోగ్యంగా, తేటగా, కడిగిన ముత్యంలా ఉంది.

“ఇట్లొచ్చినావేమమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. “ఆ పొద్దు పూసుకున్నది ఇంట్లో ఇంకేమన్నా మిగిలుండాదా?”

లేదని చెప్పింది. పైగదిలో చీర కట్టుకుని నిలబడింది. ఫ్యాను ఆపారు, చెమట పట్టింది, ముక్కు మీద రంగు కదల్లేదు. చూసేవాళ్లు రెండు వేల మంది. ఇచ్చిన నూలు అప్పుడే అయిపోయిందా, అమ్మానాన్న ఏమైనా తిన్నారా అని, కాస్త కన్నీరైనా వస్తుందేమోనని చంద్రమోహన్ అడగరానివన్నీ అడిగాడు. అన్నిటికీ ఆమె నవ్వుతూ జవాబిచ్చింది. కామెర్లు లేవనీ, ఇంట్లో అందరూ బాగున్నారనీ, మగ్గం ఆడుతోందనీ వారం రోజులుగా దాచుకున్న మాటలన్నీ గట్టిగా చెప్పింది. గంట గడిచింది. చంద్రమోహన్ కుర్చీలో కూర్చుని రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

మొహానికి ఏ కంపెనీది వాడావని నూట నలభై మంది అడిగారు. ఒక్క చీర కూడా పోలేదు.